పాత డబ్బాల్లో, అక్షరాల్లో కారణాన్ని వెతకడం

సభకు నమస్కారం.

గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్నవారూ, ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవారూ ఈ సభలో కలిసి కూర్చున్నారు కాబట్టి, ఇద్దరికీ అక్కరకు వచ్చే ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఒక పాత రేకు డబ్బాను గానీ, సీసాను గానీ, పుస్తకపు అట్టను గానీ చూసి ‘ఎంత బాగుంది!’ అనుకున్నాక, ఆ బాగులోంచి మన పనిలోకి తెచ్చుకోదగ్గది ఏమిటి? చాలామంది తెచ్చుకునేది పైరూపాన్ని. వెలిసినట్టున్న రంగులు, అంచు చుట్టూ అల్లిన తీగలు, నీడతో నిలబడిన బొద్దు అక్షరాలు. ఆ పని తేలిక, చూడగానే మెప్పు కూడా వస్తుంది. కానీ ఆ రూపం అప్పట్లో అలా ఎందుకు తయారైందో తెలుసుకోకుండా దాన్ని తెచ్చుకుంటే, మన చేతికి వచ్చేది ఒకరు తీర్చుకున్న లెక్కలోని చివరి అంకె మాత్రమే. లెక్క కట్టిన పద్ధతి అక్కడే ఉండిపోతుంది. నేను ఈ రోజు మాట్లాడేదంతా ఆ పద్ధతి గురించే.

కోకా-కోలా సీసా మీ అందరికీ తెలిసిందే కనుక ముందు దాన్ని తీసుకుందాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో రకరకాల పానీయాలన్నీ ఇంచుమించు ఒకే తీరు నిటారు సీసాల్లో అమ్మేవారు. పేరును కాస్త అటూ ఇటూ మార్చి, అక్షరాల వంపును అనుకరించి సొమ్ము చేసుకునే పోటీదారులు ఎందరో పుట్టుకొచ్చారు. కాగితపు లేబుల్ మీద ఎంత మంచి అక్షరాలు రాయించినా ప్రయోజనం లేకపోయింది, ఎందుకంటే మంచులోనూ నీళ్లలోనూ ఉంచిన సీసా మీది లేబుల్ ఊడిపోయేది. అందుకని 1915లో గాజు కంపెనీల మధ్య ఒక పోటీ పెట్టి, చీకట్లో చేత్తో తడిమినా, నేల మీద పగిలి పడి ఉన్నా ఫలానా సీసా అని గుర్తుపట్టేలా ఉండాలని షరతు విధించారు. ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్ పట్టణంలో ఉన్న రూట్ గ్లాస్ కంపెనీ ఆ పోటీలో నెగ్గింది. అక్కడ అచ్చుల పని చూసే ఎర్ల్ డీన్, పానీయంలో వాడే దినుసుల రూపం ఎలా ఉంటుందోనని గ్రంథాలయంలో వెతుకుతుండగా, విజ్ఞాన సర్వస్వంలో కోకో కాయ బొమ్మ కనిపించింది. నిజానికి ఆ పానీయానికీ కోకో కాయకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ కాయ నిలువునా ఉన్న గాడులు, నడుమ ఉబ్బు సీసా రూపానికి ఆధారమయ్యాయి. 1915 నవంబరు 16న పేటెంట్ వచ్చింది. మొదటి నమూనాకు నడుము అడుగుకన్నా వెడల్పుగా ఉండటంతో కర్మాగారంలో కదిలే పట్టాల మీద సీసా నిలవలేకపోయింది, కాబట్టి నడుమును సన్నబరిచి తయారీకి పంపారు.

ఈ కథలో రెండు సంగతులు నాకు చాలా ముఖ్యమనిపిస్తాయి. మొదటిది, ఆ షరతులో అందం అన్న మాటే లేదు. చేతికి ఏం తెలియాలి, పగిలిన ముక్కకు ఏం తెలియజెప్పే గుణం ఉండాలి అన్నంత పదునుగా ప్రశ్న ఉంది కాబట్టే జవాబు అంత పదునుగా వచ్చింది. రెండోది, ఆధారం పొరపాటుదైనా ఫలితం చెడలేదు. కోకో కాయ చేసిన మేలు ఏమిటంటే, ఒక గాజు పనివాడికి వెంటనే చెక్కదగ్గ గాడులను, పట్టుకోదగ్గ ఉబ్బును చూపించింది. ప్రేరణ ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికన్నా, అది ప్రశ్నకు సరిపడిందా లేదా అన్నదే తేల్చాల్సిన విషయం. క్యాంప్‌బెల్స్ సూప్ డబ్బాల ఎరుపు తెలుపులు కూడా 1898లో ఆ సంస్థ అధికారి ఒకరు కార్నెల్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు దుస్తులు చూసి ముచ్చటపడటంతో వచ్చినవే. అరల్లో వరుసగా పేర్చిన డబ్బాల మీద ఆ రెండు రంగులూ ఒక గీతలా సాగిపోతాయి, అది ఏ ఒక్క డబ్బా విడిగా చేయలేని పని.

సీసాల మాట వచ్చింది కాబట్టి జపాన్‌లో కెంజి ఎక్వాన్ 1961లో కిక్కోమన్ సంస్థ సోయా సాస్ కోసం చేసిన చిన్న సీసాను కూడా చూడాలి. ఆయన చిన్నతనంలో వాళ్లమ్మ బరువైన పెద్ద సీసా ఎత్తి, బల్ల మీద పెట్టుకునే చిన్న పాత్రలోకి సాస్ వంపడానికి పడే అవస్థ చూశారు. ఆ అవస్థను తీర్చడమే ఆయన పెట్టుకున్న పని. మూడేళ్ల పాటు వంద దాకా నమూనాలు చేసి చూసి, అడుగు వెడల్పుగా, మెడ సన్నగా, ఎర్రటి మూతతో ఒక రూపానికి వచ్చారు. ఆ మూతకున్న మూతిని దగ్గరగా చూడండి. దాని అంచు కింది వైపు లోపలికి వాలుగా కోసి ఉంటుంది. ఒంపడం ఆపగానే చివరి చుక్క బయటికి జారకుండా వెనక్కి పోవడానికే ఆ వాలు. కన్నీటి బొట్టులాంటి ఆ సీసా సొగసును చాలామంది అనుకరించారు, మూతి దగ్గరి వాలును గమనించినవారు మాత్రం తక్కువ. డిజైన్ విద్యార్థిగా మీరు ఒక్క వస్తువును ఎంచుకుని వారమంతా పరిశీలించాలనుకుంటే నేను దీన్నే సిఫారసు చేస్తాను.

ఇక ముద్రణ సంగతికి వద్దాం. పాత లేబుళ్ల మీద మనకున్న మోజులో సగం, అప్పటి ముద్రణ యంత్రాల పరిమితుల మీద మోజే. పంతొమ్మిదో శతాబ్దంలో రంగుల లేబుళ్లను శిలాముద్రణ పద్ధతిలో, అంటే రాతి మీద గీసిన బొమ్మను కాగితం మీదికి అచ్చు తీసే పద్ధతిలో, వేసేవారు. ఈ పద్ధతిలో రంగుల ముద్రణకు 1837లో గోడెఫ్రాయ్ ఎంగెల్మాన్ ఫ్రాన్స్‌లో పేటెంట్ పొందారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. పది రంగులు కావాలంటే పది రాళ్లు, ఒకే కాగితం పదిసార్లు అచ్చు కింద నుంచి పోవాలి, ప్రతిసారీ మునుపటి రంగుకు సరిగ్గా అతకాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు రంగుల మధ్య తెల్లటి సందు కనిపిస్తుంది. ఆ కాలపు లేబుల్ ఒకటి దొరికితే భూతద్దం కింద పెట్టి చూడండి. పువ్వు రేకు చుట్టూ ఒక ముదురు గీత ఉంటుంది, లోపలి గులాబీ రంగు ఆ గీత కిందికి కొంచెం చొచ్చుకుపోయి ఉంటుంది. సందు బయటపడకుండా కప్పడానికే ఆ గీత. రేకు మీద లేత నుంచి ముదురుకు మారే ఛాయ అంతా చిన్న చిన్న చుక్కలతో ఉంటుంది, ఆ చుక్కలు ఒకే దూరంలో, ఒకే పరిమాణంలో ఉండవు, ఎందుకంటే వాటిని ఒక మనిషి రాయి మీద చేత్తో ఒక్కొక్కటిగా పెట్టాడు. ఎక్కడ వెలుగు పడాలో అక్కడ చుక్కలు పలచబడతాయి, మలుపు దగ్గర దట్టమవుతాయి. ఈనాటి ముద్రణలో కనిపించే యాంత్రికమైన చుక్కల గడులకూ వీటికీ ఎంత తేడా ఉందో ఒకసారి చూస్తే మరిచిపోరు.

రేకు డబ్బాల విషయంలో ఇంకో చిక్కు ఉండేది. రాయీ గట్టిదే, రేకూ గట్టిదే. ఒకదాన్ని ఒకటి నేరుగా తాకితే సిరా సమంగా అంటుకోదు. 1875లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బార్‌క్లే పేటెంట్ చేయించిన యంత్రంలో రాతి మీది బొమ్మ ముందు అట్ట తొడిగిన సిలిండర్ మీదికి ఎక్కి, అక్కడి నుంచి రేకు మీదికి దిగేది. ఈనాడు పుస్తకాలనూ పత్రికలనూ అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతికి మూలసూత్రం అదే. 1904లో అమెరికాలో ఐరా రూబెల్ కాగితానికీ ఆ దారి చూపించారు. ఒక డబ్బా మీద రంగు వేయడానికి పడ్డ తంటాలోంచి ముద్రణారంగం తన ముఖ్యమైన పద్ధతిని సంపాదించుకుందంటే, ప్యాకేజింగ్‌ను డిజైన్ చరిత్రలో ఒక మూలన పెట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు కంప్యూటర్‌లో పాతదనాన్ని పూయడం నిమిషాల పని అయిపోయింది. సరిగ్గా అతకని రంగులు, అరిగిన అంచులు, మరకలు అన్నీ తయారుగా దొరుకుతున్నాయి. శిలాముద్రణ చేసిన కళాకారుడు సందు కనిపించకూడదని అన్ని పాట్లు పడితే, మనం ఆ సందును కావాలని తెచ్చి అతికిస్తున్నాం. ఆయన పనిలో అనుసరించదగ్గది ఆ జాగ్రత్త. మీరు ఈ రోజు ముతక కాగితం మీద రెండే రంగులతో ఒక అట్టపెట్టె వేయించాల్సి వస్తే, ముదురు గీత కింద లేత రంగును చొప్పించే ఆ పాత ఉపాయం ఈనాటికీ అక్షరాలా పనిచేస్తుంది. అలా వచ్చిన పెట్టెకు పాతదన్న పేరు పెట్టనక్కరలేదు, చక్కగా ముద్రించిన పెట్టె అంటే చాలు.

అక్షరాల దగ్గరికి వస్తే కారణాలు ఇంకా చిత్రంగా ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దానికి ముందు అచ్చు అక్షరాలను ప్రధానంగా పుస్తకాల కోసం పోతపోసేవారు. ప్రకటనలూ గోడపత్రాలూ పెరిగాక దూరం నుంచి కనబడే అక్షరాలు కావలసివచ్చాయి. లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ 1815 ప్రాంతంలో దిమ్మెలాంటి పాదాలున్న (పాదాలంటే గీతల చివర్లలో ఉండే చిన్న అడ్డగీతలు) మందపాటి అక్షరాలను, 1816లో నాలుగో విలియం కాస్లన్ అసలు పాదాలే లేని అక్షరాలను తమ నమూనా పుస్తకాల్లో చూపించారు. అరచేతి పొడవుకు మించిన అక్షరాలను సీసంతో పోయడం కష్టం. బరువు ఎక్కువ, చల్లారేటప్పుడు పైభాగం సమంగా నిలవదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాలను యంత్రంతో చెక్కే పద్ధతి కనిపెట్టాక ఆ ఇబ్బంది తీరింది. ఆ కాలపు గోడపత్రాల్లో ఒక వరుస అక్షరాలు సన్నగా పొడుగ్గా, తరువాతి వరుస వెడల్పుగా పొట్టిగా, ఆపై వరుస మరో తీరులో ఉంటాయి. అది కేవలం ఆర్భాటమనుకుంటే పొరపాటు. కాగితం వెడల్పు మారదు, ప్రతి వరుసా ఆ వెడల్పును నింపాలి, పదాలు మాత్రం పొట్టివీ పొడుగువీ ఉంటాయి. అందుకని పొడుగు పదానికి ఇరుకు అక్షరం, పొట్టి పదానికి వెడల్పు అక్షరం ఎంచుకునేవారు. ముఖ్యమైన పదానికి పెద్ద ఎత్తు, ‘మరియు’ లాంటి పదానికి చిన్న ఎత్తు ఇచ్చేవారు. అర్థంలో ఏది ముందో ఏది వెనకో అచ్చు అక్షరాలను పేర్చే కంపోజిటర్ చేతిలోనే తేలిపోయేది. గోడపత్రాన్ని ఈ కన్నుతో చదివినవారు, ఒక చిన్న తెర మీద నాలుగు మాటలు పేర్చాల్సి వచ్చినప్పుడు ఏ మాటకు ఎంత చోటు ఇవ్వాలో మరింత తొందరగా పోల్చుకోగలుగుతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఒక టెలిఫోన్ డైరెక్టరీ. అమెరికాలోని ఏటీ అండ్ టీ సంస్థ తన నూరేళ్ల సందర్భంగా అక్షరాల డిజైనర్ మాథ్యూ కార్టర్ చేత చేయించిన బెల్ సెంటెనియల్ అనే ఫాంట్ 1978లో వచ్చింది. దానికి ముందు వాడిన బెల్ గోథిక్ 1938 నాటిది, లోహపు అచ్చుల కోసం గీసినది. ముద్రణ పద్ధతి మారి అక్షరాలను కాంతితో కూర్చడం మొదలయ్యేసరికి దాని గీతలు సన్నబడి అక్కడక్కడా తెగిపోసాగాయి. కార్టర్ ముందున్న షరతులు ఇవి: అక్షరం పరిమాణం 6 పాయింట్లు, అంటే దాని ఎత్తు రెండు మిల్లీమీటర్లయినా ఉండదు. కాగితం నాసిరకం, సిరాను పీల్చుకుంటుంది. యంత్రం వేగం చాలా ఎక్కువ. రెండు గీతలు కలిసే మూలల్లో సిరా పేరుకుని అక్షరం పూడిపోతుంది. ఈ ఫాంట్‌లోని పెద్ద ‘ఎమ్’ అక్షరాన్ని తెర మీద బాగా పెద్దది చేసి చూస్తే, గీతలు కలిసేచోట లోతుగా గాట్లు పెట్టి కనిపిస్తాయి, ఎలుక కొరికిందా అన్నట్టుంటుంది. ఆ గాట్లను సిరా కోసం వదిలిన ఖాళీలుగా ఉద్దేశించారు. ముద్రణలో సిరా పాకి వాటిని నింపగా, డైరెక్టరీ పుటలో అక్షరం నున్నగా, స్పష్టంగా కనబడేది. పేరుకూ నంబరుకూ ఒక తీరు, చిరునామాకు దానికన్నా ఇరుకైన తీరు వేరుగా గీశారు, దానితో ఎక్కువ వివరాలు ఒకే వరుసలో ఇమిడేవి.

తరువాతి కాలంలో డిజైనర్లు ఆ గాట్లను పెద్ద శీర్షికల్లో అలంకారంగా చూపడం మొదలుపెట్టారు. అలా చూపడం తప్పని నేననను. పెద్ద పరిమాణంలో ఆ గాట్లకు తమదైన ఒక సొగసు ఉంది. కానీ పేరుకున్న సిరాకు చోటు వదలాలనే ఆలోచనను తీసుకున్నవారు ఇంకా దూరం వెళ్లారని నా నమ్మకం. తక్కువ స్పష్టత ఉన్న తెరల మీద చదవాల్సిన అక్షరాలను గీసేటప్పుడు, ఏ మూల పూడుకుపోతుందో ముందే ఊహించి అక్కడ చోటు తెరవడం అదే ఆలోచనకు కొనసాగింపు.

ఎడ్వర్డ్ జాన్‌స్టన్ చేసిన పని కూడా ఇలాంటిదే. లండన్ భూగర్భ రైల్వేల ప్రచారం చూసే ఫ్రాంక్ పిక్‌కు స్టేషన్ గోడల మీద ఒక ఇబ్బంది ఎదురైంది. ప్రకటనల గుంపులో రైల్వే వారి సూచనలు కలిసిపోయేవి. తమ అక్షరాలను ప్రకటనగా పొరబడటానికి వీల్లేకుండా ఉండాలని ఆయన కోరారు. 1916లో వాడుకలోకి వచ్చిన జాన్‌స్టన్ అక్షరాలకు పాదాలు లేవు, అయినా పెద్ద అక్షరాల వెడల్పు ఎత్తులు ప్రాచీన రోమన్ శిలాశాసనాల కొలతలను అనుసరిస్తాయి. చిన్న ‘ఐ’ మీది చుక్క మాత్రం వజ్రాకారంలో ఉంటుంది. వెడల్పు పాళీని కాగితానికి ఏటవాలుగా ఆనించి చుక్క పెడితే వచ్చే ఆకారం అది. జాన్‌స్టన్ జీవితమంతా చేతిరాత నేర్పిన మనిషి. రెండు వేల ఏళ్ల నాటి శాసనం నుంచి నిష్పత్తిని, పాళీ నుంచి చుక్కను తీసుకుని, శాసనాన్ని గానీ పాళీరాతను గానీ ఏమాత్రం పోలని కొత్త అక్షరం గీశారు.

పుస్తక డిజైనర్ యాన్ చికోల్డ్ 1947లో ఇంగ్లండ్‌కు వచ్చి పెంగ్విన్ ప్రచురణ సంస్థ పుస్తకాల రూపాన్ని సరిదిద్దినప్పుడు ముందుగా చేసిన పనుల్లో ఒకటి, కంపోజిటర్ల కోసం నాలుగు పేజీల నియమావళి రాయడం. పెద్ద అక్షరాల మధ్య ఎడాన్ని లెక్కప్రకారం కాక కంటికి సమంగా కనిపించేలా సర్దాలని, పదాల మధ్య ఖాళీలు మరీ విడిపోకూడదని అందులో ఉంది. ఇదే మనిషి ఇరవై ఏళ్ల కింద పాదాలు లేని అక్షరాలే ఈ యుగానికి తగినవని గట్టిగా వాదించారు. పెంగ్విన్‌లో మాత్రం సంప్రదాయ అక్షరాలను, మధ్యకు సర్దిన శీర్షికలను వాడారు. దీన్ని కొందరు వెనకడుగు అన్నారు. గంటల తరబడి చదివే చవక పుస్తకానికీ, క్షణంలో చూపు లాగాల్సిన ప్రకటనకూ ఒకే జవాబు సరిపోదని ఆయన గ్రహించారని నేననుకుంటాను.

ఆ నియమావళిని తెలుగు పుటకు అన్వయించాలంటే అంకెలను తెచ్చి పెట్టుకుంటే కుదరదు. రోమన్ అక్షరాలకు సరిపడిన వరుసల ఎడం మన లిపికి ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ఒక వరుస పూర్తికాగానే కన్ను తడబడకుండా తరువాతి వరుస మొదటికి చేరాలన్నది వరుసల ఎడం వెనక ఉన్న కారణం. దాన్ని పట్టుకుంటే మన లిపికి ఎంత ఎడం కావాలో మనమే కొలుచుకోవచ్చు.

ప్యాకేజింగ్‌కు ఉన్న బలం ఎప్పుడూ మంచికే వాడలేదన్నది కూడా చెప్పాలి. అమెరికాలో పనిచేసిన డిజైనర్ రేమండ్ లోవీ లక్కీ స్ట్రైక్ సిగరెట్ పెట్టెకు ఆకుపచ్చ తీసేసి తెలుపు ఇచ్చారు, ఎర్రటి వృత్తాన్ని ముందూ వెనకా రెండు వైపులా వేశారు. బల్ల మీద ఎలా పడేసినా గుర్తు పైకే కనిపిస్తుంది. చూడటానికి అత్యంత తెలివైన పని, అమ్మింది మాత్రం ప్రాణాంతకమైన సరుకు. ఆ తెలివికి ఎంత శక్తి ఉందో ప్రభుత్వాలకూ అర్థమైంది కాబట్టే, 2012 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియాలో సిగరెట్ పెట్టెలన్నీ ఒకే మట్టిగోధుమ రంగులో, ఒకే సాదా అక్షరాలతో, గుర్తులేవీ లేకుండా ఉండాలని చట్టం అమల్లోకి వచ్చింది. ఎవరికీ నచ్చకూడదనే ఉద్దేశంతో రంగును ఎంపిక చేసిన సందర్భం అది. ఆకర్షణ ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే, దాన్ని ఒక్కొక్కటిగా తీసేసిన ఆ పెట్టెను ఎదురుగా పెట్టుకుని చూడటం కూడా మంచి పాఠమే.

చివరిగా, ఇవన్నీ ఎలా చూడాలో కొన్ని మాటలు. అట్టపెట్టె ఏది చేతికొచ్చినా అతుకులు జాగ్రత్తగా విప్పి పరచండి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ 1879లో, విత్తనాల సంచుల మీద మడత గీత వేయాల్సిన లోహపు బద్ద జరిగి సంచులను కోసేయడం గమనించి, కోతనూ మడతనూ ఒకే దెబ్బతో వేసే పద్ధతికి దారి కనుక్కున్నారు. మీరు విప్పిన ప్రతి పెట్టెలోనూ ఆ కోతలూ మడతలూ కనిపిస్తాయి. బొమ్మ ఏ మడత మీదుగా పోతోంది, పేరు ఎన్ని ముఖాల మీద మళ్లీ వచ్చింది, జిగురు పట్టే చోట రంగు ఎందుకు వేయలేదు అన్నవి పరిచినప్పుడే తెలుస్తాయి. ఒకే సరుకు పెట్టె దశాబ్దాల మీద ఎలా మారిందో వరుసగా పెట్టి చూడటం కూడా అంతే లాభం. బ్రిటన్‌లో అమ్మే చక్కెర పాకం లైల్స్ గోల్డెన్ సిరప్ ఆకుపచ్చ, బంగారు రంగుల డబ్బా 1880ల నుంచి దాదాపు మారలేదు. 2024లో ఆ సంస్థ కొత్త గుర్తు తెచ్చినప్పుడు కూడా పాత డబ్బాను అలాగే ఉంచి, మిగతా సీసాలకే కొత్త రూపం ఇచ్చింది. దేన్ని కదపవచ్చు, దేన్ని కదపకూడదు అని వాళ్లు గీసుకున్న ఆ గీతను పరిశీలించండి.

లండన్‌లోని మ్యూజియం ఆఫ్ బ్రాండ్స్‌లో రాబర్ట్ ఓపీ పోగుచేసిన పెట్టెలూ డబ్బాలూ ఉన్నాయి. అమెరికాలో విస్కాన్సిన్‌లోని టూ రివర్స్‌లో కొయ్య అక్షరాలకే అంకితమైన హామిల్టన్ మ్యూజియం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లెటర్‌ఫార్మ్ ఆర్కైవ్ తన సేకరణలో కొంత భాగాన్ని ఎంతో స్పష్టమైన చిత్రాలుగా అందరికీ అందుబాటులో ఉంచింది. వెళ్లలేనివారు ఆ చిత్రాలతోనే మొదలుపెట్టవచ్చు. అయితే తెర మీద అగ్గిపెట్టె లేబులూ గోడపత్రమూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి, అందులోనే మనం మోసపోతాం. చిత్రం పక్కన అసలు కొలతలు రాసి ఉంటాయి. ఆ కొలతకు కాగితం కత్తిరించి, అక్షరాలను పెన్సిల్‌తో అదే పరిమాణంలో గీసి, అది అప్పట్లో ఎంత దూరం నుంచి చూసే వస్తువో అంత దూరంలో పెట్టి చూడండి. ఒక గీత అంత మందంగా ఎందుకుందో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

మీ ప్రశ్నలు ఇప్పుడు వింటాను.